ముగ్గున్న బస్సు

ఇన్నాళ్ళూ ఈ సంగతి రాయకపోవడానికి కారణాలు రెండు. మొదటిది మా వాళ్ళందరికీ తెలిసిందే, నాకు అక్షరాలు వచ్చేవి కావు. యాభై దాటాక వచ్చాయి. రెండోది ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. నాకు అక్షరాలు నేర్పింది మా అన్న. నేనేం రాసినా ఎర్ర పెన్ను పట్టుకుని దిద్దేదీ ఆయనే. ఎవరి కళ్ళు కప్పి ఒక పని చేశామో, ఆ మనిషి చేతికే ఆ పని గురించిన కాగితం ఇచ్చి, ఒత్తులు సరిగ్గా పడ్డాయో లేదో చూడమంటే ఎలా ఉంటుంది? అందుకని నా నోటుబుక్కుల్లో మా అమ్మ చేసే చింతకాయ పచ్చడి ఉంది, రైల్వే క్వార్టర్లో కురిసిన వానలున్నాయి, ఈ ఒక్కటి మాత్రం లేదు. పది రోజుల కిందట అన్నకు కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు పుస్తకం, పేపరు ముట్టుకోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. నల్లద్దాలు పెట్టుకుని హాల్లో కూర్చుని రేడియో వింటున్నాడు. నేను ఆయనకెదురుగానే కూర్చుని రాస్తున్నాను. ఏటి రాస్తన్నావే అని ఇందాకే అడిగాడు. పప్పుచారు గురించి అన్నాను.

ఆపరేషనుకు ముందు ఆయన పడుకునే గదిలో దుమ్ము ఉండకూడదన్నారని అటక దులుపుతుంటే నీలంరంగు సంచి దొరికింది. వీపుకు తగిలించుకునే పెద్ద సంచి. నిలబెడితే నా నడుం దాకా వస్తుంది. ఒక పట్టీని ఎలక కొరికేసింది. ముందు జేబులో వేలు పెడితే ఒక కార్డు, కాగితంలో చుట్టిన సుద్దముక్క తగిలాయి. మామూలు సుద్ద కాదు, చీమలు రాకుండా గీతలు గీస్తామే, ఆ మందు సుద్ద. మూత తీయగానే డబ్బాలోంచి వచ్చినట్టు ఆ ఘాటు వాసన ముక్కుకు తగిలింది. అటక మీద కూర్చుని ఒక్కదాన్నే నవ్వుకున్నాను. కింద నుంచి అన్న, పడ్డావా ఏటి అని కేకేశాడు.

మా నాన్న పలాస వైపు నుంచి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రాయ్‌పూర్ వచ్చాడు. బడి హిందీలో ఉండేది. తెలుగు ఆడపిల్ల హిందీ నేర్చుకుని ఎవరికి ఉత్తరం రాస్తుంది అని అమ్మ నన్ను పంపలేదు. తెలుగు నేర్పేవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. అలా రెండు భాషల మధ్య నేను ఖాళీగా మిగిలిపోయాను. అన్న మాత్రం పలాసలో తెలుగు, ఇక్కడ హిందీ చదువుకుని ధర్సీవా దాటాక ఉన్న ఒక ఇనుము ఫ్యాక్టరీలో చేరి ఫోర్‌మన్ అయ్యాడు. పెళ్ళి నాకు కలిసిరాలేదు, అది వేరే కథ. తిరిగొచ్చి దేవేంద్ర నగర్‌లో అన్న వాళ్ళ రెండు గదుల వాటాలో ఉండిపోయాను. కొన్నాళ్ళకు వదిన పోయింది. అప్పటికి స్వాతికి ఏడేళ్ళు. ఆ పిల్ల జడ, ఆ ఇంటి వంట, అన్న లుంగీలకు పట్టిన ఇనుప మరకలు, అన్నీ నా చేతికి వచ్చాయి.

వంటింట్లో డబ్బాల మీద వదిన కాగితాలు అంటించి పేర్లు రాసిపెట్టుకుంది. నాకవి పనికిరావు. అందుకని ఒక్కో డబ్బా మూత మీద ఒక్కో ముగ్గు వేసుకున్నాను. ఆవాలకు నాలుగు చుక్కల ముగ్గు, జీలకర్రకు చందమామ లాంటిది, మెంతులకు మెలిక. ఎండురొయ్యల పొడి మీద ఏమీ వేయలేదు, దాని వాసనే దాని పేరు. ఎవరైనా చుట్టాలు వస్తే, అబ్బ రత్నం ఎంత ముచ్చటగా పెట్టుకుంది అనేవారు. ముచ్చట కాదు, అది నా చదువు అని నేను చెప్పేదాన్ని కాదు. బయటివాళ్ళెవరైనా కాగితం చదవమంటే కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానని చెప్పేదాన్ని. నాకు కళ్ళజోడే లేదు.

అన్న అలవాట్లు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆయన సాయంత్రం ఇంటికి రాగానే శనగపిండితో చేతులు తోముకుని, మంచం మీద కూర్చుని, ఆ రోజు ఫ్యాక్టరీలో జరిగిందంతా చెప్పేవాడు. కొలిమి దగ్గర ఎవడు ఎక్కడ నిలబడ్డాడు, క్యాంటీన్‌లో సమోసా ఎందుకు చిన్నదైంది, అన్నీ. మా ఇంట్లో మాట్లాడడం ఆయన పని, ఊఁ కొట్టడం మా పని. ఊఁ కొట్టడం కాస్త ఆలస్యమైతే చాలు, ఇంటన్నావా అని అడిగి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టేవాడు. అందుకని స్వాతీ నేనూ వంతులు వేసుకుని ఊఁ కొట్టేవాళ్ళం. ఒక్కోసారి అది పుస్తకం చదువుకుంటూ, నేను చేటలో బియ్యం చూసుకుంటూ, ఎవరు ఊఁ అన్నామో మాకే తెలిసేది కాదు.

స్వాతి డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా పూణేలో పైచదువు చదువుతానంది. దానికంటే ముందు, ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి వీపుకు సంచులు తగిలించుకుని నేపాల్‌లో పోఖరా చూసొస్తానంది. ఆ ఇద్దరి ఇళ్ళలో కుదరదన్నారు. మా ఇంట్లో అన్న మూడు రోజులు మాట్లాడాడు. నాలుగో రోజు స్వాతి, అత్తని తీసుకెళ్తాను అంది. నన్ను అడగకుండానే. అన్న నా వైపు చూశాడు. నేను చారులో ఇంగువ వేస్తున్నాను. వెళ్తానని ఎందుకన్నానో నాకు ఇప్పటికీ తెలీదు. రాయ్‌పూర్ నుంచి పలాస, పలాస నుంచి రాయ్‌పూర్ తప్ప నేనేమీ చూడలేదు. ఓటరు కార్డు ఉంటే సరిహద్దు దాటనిస్తారట, అదొక్కటి మాత్రం నా దగ్గర ఉంది.

"ఒలే రత్నం, ఇను," అన్నాడు అన్న. "గుంటని ఒక్క నిమిసం ఇడిసిపెట్టకు. రోజూ ఆరు గంటలకి ఫోను సెయ్యాల. ఇద్దరి గొంతులూ నాకినబడాల. అంతా తిన్నగా జరిగితే పూణే సంగతి సూద్దాం. ఏ చిన్న గడ్‌బడ్ అయినా పూణే గీణే అన్నీ బంద్. ఇంటన్నావా?"

ఊఁ అన్నాను.

ఫ్యాక్టరీలో మాత్రం చెల్లీ కూతురూ పశుపతినాథుడి దర్శనానికి వెళ్ళారని చెప్పుకున్నాడు. వీపు సంచుల సంగతి ఎవరికీ చెప్పొద్దన్నాడు. నా సంచిలో స్వాతి రెండు జతల పంజాబీ డ్రెస్సులు పెట్టింది, చీరతో కొండలెక్కలేవని. నేను జంతికలు, చిమ్మిలి, రొయ్యల పొడి పెట్టాను. చిమ్మిలికి చీమలు పడతాయి కాబట్టి మందు సుద్ద పెట్టాను. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి సరిహద్దు దాకా బస్సు, అవతల ఇంకో బస్సు. పోఖరాలో చెరువు పక్క ఒక గెస్ట్‌హౌస్‌లో ఆరు మంచాల గదిలో దిగాం. నేను రొయ్యల పొడి మూత తీయగానే గదిలో ఉన్న తెల్లమ్మాయిలు కిటికీలు తీశారు. ఒకమ్మాయి మాత్రం దగ్గరికొచ్చి కాస్త నాలిక మీద వేసుకుని, ఇంకాస్త అడిగింది.

మర్నాడు ఊరు చూపించే బస్సెక్కాం. పొద్దున్న బయల్దేరి నాలుగైదు చోట్లు తిప్పి సాయంత్రం చెరువుగట్టున దింపుతారు. మా బస్సులో ఆ తెల్లమ్మాయిలున్నారు, గుజరాత్ వాళ్ళున్నారు, ఒక కొత్త జంట ఉంది. ప్రతి చోటా అలాంటి బస్సులే నాలుగైదు ఆగేవి. అన్నీ తెలుపే, అన్నిటికీ ఒకేలాంటి నీలం గీత. నంబరు చూసుకో అత్తా అంది స్వాతి. నోటు మీద, ఫోను మీద అచ్చేసిన అంకెలు నేను గుర్తుపడతాను, చేతిరాతవి కాదు. ఆ బస్సుల మీద అంకెలు వాళ్ళ లిపిలో వేరేగా ఉన్నాయి. దాని ముందు ఊఁ అన్నాను గాని, అది దిగి వెళ్ళగానే సంచిలోంచి సుద్ద తీసి తలుపు పక్కన నాలుగు చుక్కల ముగ్గు వేశాను. ఆవాల డబ్బా మీద ముగ్గు. కళ్ళు మూసుకున్నా నా చేయి వేసేది అదే.

ఆ ముగ్గు పనిచేసింది. మొదటి చోట గుడి చూసి దిగితే, దూరం నుంచే తెల్లగా కనబడింది. అందరికంటే ముందు నేనే వచ్చి కూర్చున్నాను. స్వాతి చూసి, నీకు అన్నీ ఎలా తెలిసిపోతాయి అత్తా అంది. నాకు కాస్త గర్వం వచ్చింది. ఆ గర్వమే తర్వాత జరిగినదానికంతటికీ కారణం.

రెండోది టిబెట్ వాళ్ళు తివాచీలు నేసే చోటు. ఒకావిడ ఎర్ర శాలువాలు అమ్ముతోంది. బేరం బాగా కుదిరి ఆడవాళ్ళందరం అవే కొన్నాం. అక్కడే వెనక నుంచి నాకు బాగా తెలిసిన భాష వినిపించింది. ఛత్తీస్‌గఢీ. తిరిగి చూస్తే పదిహేను మంది ఆడవాళ్ళు, చేతుల నిండా గాజులు, కాళ్ళకు దళసరి కడియాలు, భుజాల మీద అవే ఎర్ర శాలువాలు, మా బస్సు పక్క బస్సులోంచి దిగినవాళ్ళు. ఎక్కడి నుంచి అంటే ధర్సీవా అన్నారు. ఇంత దూరం వచ్చి మా ఇంటి పక్కవాళ్ళే దొరికారని ఎంత సంబరమైందో. నోరు తెరిచి రాయ్‌పూర్ అనబోయాను. అంతలో వాళ్ళలో కాస్త పెద్దరికంగా ఉన్న కేజా బాయి అనే ఆమె, తన మనిషి ఊరి పక్కనున్న ఇనుము ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేస్తాడని చెప్పింది. మా అన్న ఉన్నదీ ఆ ఫ్యాక్టరీలోనే, ఆ కొలిమి దగ్గరే. నా నోరు దానంతటదే మూసుకుంది. దుపట్టా ఒక భుజం మీద, సంచి వీపు మీద, కాళ్ళకు బూట్లు. ఈ వేషం సంగతి ఫ్యాక్టరీకి చేరితే పశుపతినాథుడు కూడా కాపాడలేడు. భిలాయి అన్నాను. పేరు లక్ష్మి అన్నాను.

వాళ్ళు మా బస్సు తలుపు పక్క ముగ్గు చూసి ముచ్చటపడ్డారు. వాళ్ళూ ఇళ్ళ ముందు చౌక్ వేస్తారు, కాని ఇలా చుక్కల చుట్టూ తిరిగే గీత వాళ్ళకు కొత్త. "దీదీ, హమర్ బస్ మ ఘలో బనా దే న," మా బస్సుకీ వేసిపెట్టవూ అంది కేజా బాయి. పొగిడితే నా చేయి ఆగదు. వేశాను. చుట్టూ నిలబడి చూశారు. బిసాహిన్ కాకీ అని అందరికంటే పెద్దావిడ, నా వయసుకు పదేళ్ళు ఎక్కువ, వంగి ఆ గీత ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో వేలితో వెతికింది. ఇంక నాకు భయం లేదు, ముగ్గున్న బస్సు నాది అంది. నేను తలూపాను. రెండు బస్సుల మీద ఒకే ముగ్గు వేశానని నాకు అప్పుడు తట్టనే లేదు. ఇంకో ముగ్గు, కనీసం జీలకర్రది వేసి ఉంటే ఈ కథే లేదు.

మూడో చోట గుహ. లోపలికి తడిమెట్లు దిగుతూ దిగుతూ వెళ్తే ఎక్కడో భూమి కింద నీళ్ళు పడుతుంటాయి. పైకొచ్చేసరికి నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. స్వాతిని ఆ తెల్లమ్మాయిలు వెనక సీట్లోకి రమ్మంటున్నారు. వెళ్ళి వాళ్ళతో కూర్చో, నేను కాస్త కునుకు తీస్తానని ముందే చెప్పాను. బయటికొస్తే ముగ్గు కనబడింది. ఎక్కాను. మూడో వరస, కిటికీ పక్క. శాలువా ముఖం మీదికి లాక్కుని పడుకున్నాను. ఆ బస్సుకు అవతల, ఇంకో ముగ్గున్న బస్సులో, మూడో వరసలో కిటికీ పక్కన, అలాంటి ఎర్ర శాలువాయే కప్పుకుని బిసాహిన్ కాకీ పడుకుని ఉందని నాకేం తెలుసు? రెండు బస్సుల కండక్టర్లూ తలలు లెక్కపెట్టుకున్నారు. రెండు లెక్కలూ సరిపోయాయి. రెండు బస్సులూ బయల్దేరాయి.

ఎవరో శాలువా లాగితే మెలకువ వచ్చింది. కేజా బాయి ముఖం నా ముఖం మీదికి వంగి ఉంది.

"ఏ హ కాకీ నో హే," అంది వెనక్కి తిరిగి. ఈమె కాకీ కాదు అని.

వెనక సీట్లో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ. కిటికీ బయట ఊరు లేదు, వరిచేలున్నాయి. గుంటని ఒక్క నిమిషం విడిచిపెట్టొద్దన్న మాట చెవిలో మోగింది. విడిచిపెట్టింది నేను. తప్పిపోయిందీ నేనే. కాపలా వచ్చిన మనిషే తప్పిపోతే ఆ పిల్ల ఆరు గంటలకు ఫోనులో ఎవరి గొంతు వినిపిస్తుంది? దాని పూణే ఈ వరిచేల మధ్యనే పోయిందనుకున్నాను.

డ్రైవరును వెనక్కి తిప్పమన్నాను. కుదరదన్నాడు. కొండ మీద ఇంకో చెరువుంది, అది చూపించి అందరినీ సాయంత్రం పెద్ద చెరువు గట్టుకే తీసుకెళ్తాను, అన్ని బస్సులూ అక్కడికే వస్తాయి అన్నాడు. ఎన్ని గంటలకంటే ఆరు, ఆరుంపావు అన్నాడు. కేజా బాయి నా పక్కన కూర్చుని, ఎక్కడ దిగావు, అడ్రసు ఉందా అని అడిగింది. గెస్ట్‌హౌస్ కార్డు తీశాను. వెనక స్వాతి ఇంటి ఫోను నంబరు రాసింది. కార్డు కేజా బాయి చేతికిస్తూ, కాస్త చదివిపెట్టు, నా చష్మా ఇంట్లో ఉండిపోయింది అన్నాను. ఆవిడ కార్డును దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.

"మోర్ చష్మా ఘలో ఘర్ మ ఛూట్‌గే," అంది. తన కళ్ళజోడూ ఇంట్లోనే ఉండిపోయిందట.

నేను ఆవిడ ముక్కు చూశాను. కళ్ళజోడు పెట్టుకునే మనిషికి ముక్కు మీద రెండు నొక్కులుంటాయి. ఆవిడకు లేవు. ఆవిడ కూడా నా ముక్కే చూస్తోంది. ఇద్దరం ఒకేసారి నవ్వాం. ఆ నవ్వులో ఏముందో పక్క సీటువాళ్ళకు తెలీలేదు. కార్డు చేతులు మారి ముందుకు వెళ్ళింది, డ్రైవరు చదివి, ఇది చెరువు పక్కనే, భయపడకండి అన్నాడు.

ఇంక చేసేదేమీ లేక జంతికలు తీశాను. వాళ్ళు శనగపిండితో చేసిన ఠేఠరీ తీశారు. మాటల్లో కేజా బాయి తన మనిషి ఫ్యాక్టరీ కబుర్లు మొదలుపెట్టింది. అక్కడ ఒక తెలుగు ఫోర్‌మన్ ఉన్నాడట. పనిమంతుడే, చెయ్యి చాపి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. కాని మాట మొదలుపెడితే షిఫ్టు అయిపోతుందట. కొలిమి చల్లారినా ఆయన చల్లారడట. అందరూ ఆయన్ని రేడియో సాబ్ అంటారట. ఆయన చెప్పేటప్పుడు వెనక నిలబడి ఎవరు ఎంతసేపు తలూపగలరో పందెం వేసుకుంటారట. ఆయనింట్లో ఆడవాళ్ళ గతేమిటో పాపం అంది కేజా బాయి. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. అన్నను వాళ్ళ నోట విని నవ్వుతున్నందుకు సిగ్గేసింది, అయినా నవ్వు ఆగలేదు. భిలాయి లక్ష్మి నవ్వుతోందిలే, రత్నం కాదు అని సర్దిచెప్పుకున్నాను.

కొండ మీది చెరువు బాగుందట. నేను చూడలేదు, డ్రైవరు గడియారమే చూశాను. అక్కడి టైము మన టైముకు పావుగంట ముందు. అన్న ఆరంటే మన ఆరు. అంటే అక్కడ ఆరుంపావు. ఆ పావుగంట దేవుడిచ్చాడనుకున్నాను. దిగేటప్పుడు దారిలో గేదెల మంద అడ్డం పడి ఆ పావుగంటనూ మింగేసింది.

చెరువుగట్టున బస్సు ఆగేసరికి దుకాణాల్లో దీపాలు పెడుతున్నారు. ముందు రోజు ఫోను చేసిన బూత్ నాకు గుర్తుంది, పక్కనే యాక్ బొమ్మ వేలాడదీసిన దుకాణం. పరుగెత్తాను. సంచి వీపు మీద ఎగిరెగిరి పడుతోంది. బూత్ అద్దాల గదిలో స్వాతి కనబడింది. దాని పక్కన ఎర్ర శాలువాలో ఒకావిడ, చెవికి ఫోను పెట్టుకుని, ఎంతో శ్రద్ధగా గోడను చూస్తూ నిలబడి ఉంది. బిసాహిన్ కాకీ.

స్వాతి నన్ను చూసి ఒక్కసారిగా ముఖమంతా వెలిగి, వెంటనే పెదాల మీద వేలు పెట్టింది. నేను తలుపు మీద వేసిన చేయి వెనక్కి తీసుకున్నాను.

తర్వాత అది చెప్పింది జరిగినదంతా. నాలుగో చోట దిగబోతూ అత్తను లేపుదామని శాలువా లాగితే వేరే మనిషి. ఏడుపు మొదలుపెడితే కాకీయే ఓదార్చిందట. చింతా ఝన్ కర్, దిగులు పడకు, మా బస్సు కూడా చెరువు దగ్గరికే వస్తుంది, మీ అత్త మావాళ్ళ దగ్గర ఠేఠరీ తింటూ ఉంటుంది అని. ఆరుంపావు అయినా నేను రాలేదు. ఫోను చేయకపోతే నాన్న ఊరుకోడు, చేస్తే అత్తేదీ అంటాడు. అప్పుడు దానికి ఆ బుద్ధి పుట్టింది. చల్లటి నీళ్ళు తాగి అత్త గొంతు పూర్తిగా పోయింది నాన్నా, మాట రావట్లేదు, ఊఁ మాత్రం అంటుంది అని చెప్పింది. కాకీకి ముందే అంతా వివరించి, ఆయన ఏమన్నా ఊఁ అను చాలు అందట. ఊఁ కొట్టడమేనా, అది మోర్ రోజ్ కే కామ్ ఏ నోనీ, నా రోజువారీ పనే అందట కాకీ.

నేను అద్దం అవతల నిలబడి చూశాను. ఫోనులో అన్న ఏం చెబుతున్నాడో నాకు వినబడదు. కాని ఆ మాటల తాళం నాకు తెలుసు, కాకీ ఊఁ కొట్టే చోట్లను బట్టి ఆయన ఇంకా కొలిమి దగ్గరే ఉన్నాడా, క్యాంటీన్ దాకా వచ్చాడా చెప్పగలను. ఎంత బాగా కొట్టింది ఆవిడ. మధ్యలో ఒకసారి అలవాటు కొద్దీ ఊఁకి బదులు వాళ్ళ భాషలో హవ్ అనేసింది. స్వాతి గబుక్కున ఫోను లాక్కుని, దగ్గు నాన్నా దగ్గు అంది. మళ్ళీ ఇచ్చింది. కాకీకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా అన్న పది నిమిషాలు మాట్లాడాడు. ఆఖర్న స్వాతితో ఏమన్నాడో తెలుసా? మీ అత్త ఈ రోజే నా మాట సరిగ్గా ఇన్నాది అన్నాడట.

ముగ్గురం బూత్ బయట ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. స్వాతి నవ్వుతూ ఏడ్చింది. కాకీ నా గడ్డం పట్టుకుని, "తోర్ భాయి అబ్బడ్ గోఠియాథే," అంది, మీ అన్నకు మాటలు ఎక్కువే అని. అంతలో కేజా బాయి వచ్చి, ఎవరితో ఫోను కాకీ అని అడిగింది. కాకీ నన్నొకసారి చూసి, నా తమ్ముడితో అంది. ఏమీ అడక్కుండానే నేనేదో దాస్తున్న సంగతి ఆవిడకు సగం అర్థమైపోయిందని అప్పుడు తెలిసింది. మళ్ళీ ఆవిడను చూడలేదు. ధర్సీవా మా ఇంటికి గంట దూరం. ఎన్నిసార్లో ఆ దారిన వెళ్ళాను, ఎర్ర శాలువా కనబడితే బస్సులోంచి తొంగిచూశాను. దిగి అడగలేదు. ఏ పేరు చెప్పి అడగను?

ఇప్పుడెవరూ ఇలా తప్పిపోలేరు. స్వాతి ఏ ఊరు వెళ్ళినా ఫోనులో నీలం చుక్క కదులుతూ కనిపిస్తుంది, అన్న సోఫాలో కూర్చుని ఆ చుక్కకే జాగ్రత్తలు చెబుతుంటాడు. మా రాయ్‌పూర్‌లో తెలీబంధా చెరువు చుట్టూ కూడా ఇప్పుడు రంగు దీపాలు, బల్లలు. సాయంత్రాలు అక్కడ కూర్చుంటే పోఖరా గట్టు గుర్తొస్తుంది. మా డబ్బాల మీద ఇప్పుడు నేనే పేర్లు రాసి అంటించాను. అన్న దిద్దిన పేర్లు. అయినా పోపు వేసేటప్పుడు చేయి ఆ పేర్లను చూడదు, మూత మీద అరిగిపోయిన చుక్కల్ని తడుముతుంది. సంచిలో దొరికిన ఆ కార్డు మాత్రం ఇప్పటికీ చదవలేను. అది హిందీ అక్షరాల్లో ఉంది. అన్న నాకు నేర్పింది తెలుగు.

పోఖరాలో ఆ రాత్రి అందరూ నిద్రపోయినా నాకు ఒక సంగతి మింగుడుపడలేదు. నవ్వొచ్చే సంగతే, అయినా అరగలేదు. అన్ని ఏళ్ళుగా ఆ ఇంట్లో నా గొంతు ఒకటుందనుకున్నాను. దాని బదులు ధర్సీవా ఆవిడ ఊఁ పెడితే అన్నకు తేడా తెలియలేదు. అలాంటప్పుడు నేను ఊఁ కాక ఇంకేదైనా అంటే తెలుస్తుందా? పక్క మంచం మీద స్వాతి నోరు తెరుచుకుని పడుకుంది, చిన్నప్పటిలాగే. అది పూణే వెళ్ళిపోతే ఆ వంతుల ఊఁలన్నీ నేనొక్కదాన్నే కొట్టాలి. ఆ లెక్క కూడా నాకు తెలుసు.

మర్నాడు పొద్దున్నే, అది లేవకముందే, బూత్‌కి వెళ్ళాను. అప్పుడే తలుపు తీసి అగరుబత్తి వెలిగిస్తున్నాడు ఆ మనిషి. కార్డు తిప్పి ఆయన ముందు పెట్టాను. చష్మా మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, నాకు చదవడం రాదు భయ్యా, ఈ నంబరు మీరే కలపండి అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. కలిపి ఇచ్చాడు. అంతే. ఇన్నేళ్ళు అంత బరువు మోసింది ఇంత చిన్న మాటకా అనిపించింది.

అన్న టీ తాగుతున్నట్టున్నాడు, గొంతులో ఆ చప్పుడుంది. ఈ ఏళప్పుడు ఫోనేటి, గొంతు బాగైందా అన్నాడు.

"బాగైంది. సానా బాగైంది," అన్నాను. "ఇప్పుడు నాను మాటాడతాను, నువ్వినాల. గుంట పూణే ఎల్తాది. సూద్దాం గీద్దాం కాదు, ఎల్తాది. దాన్ని పెంచిందాన్ని నాను, నాను సెప్తన్నాను. సదువుకున్న ఆడది ఎలగుంటాదో మనింట్లో ఒక్కసారైనా నాను సూడాల. ఇంటన్నావా?"

అవతల ఏమీ వినబడలేదు. టీ చప్పుడు కూడా లేదు. ఆయన ఊఁ అనలేదు కాబట్టి, మా ఇంటి పద్ధతి ప్రకారం, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాను. పూణే, పెంపకం, ఇల్లు, ఒక్క మాట కూడా తగ్గించకుండా. బూత్ మనిషి అగరుబత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మూడోసారి చెబుతుండగా సగంలో అన్న ఊఁ అన్నాడు. అయినా నేను ఆపలేదు. ఆఖరిదాకా చెప్పాకే ఫోను పెట్టాను.